డ్రిల్లు మేడం డాబా

మొన్న జనగామలో మా పాపను బడి ఆటో ఎక్కించి ఇంట్లోకి వస్తుంటే ఫోన్ మోగింది. బయ్యారం నుంచి మా అత్తమ్మ. ఎత్తితే ముక్కు ఎగబీల్చుకుంటున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"ఏమైందత్తమ్మా?"

"డ్రిల్లు మేడం లేదంటనే. పోయి పది దినాలు దాటిందట. భూపాలపల్లిల, బిడ్డ ఇంట్ల. మనకు ఒక్కలూ చెప్పలే."

మా అత్తమ్మ ఏడవగా వినడం నాకు అదే మొదటిసారి. మామయ్య పోయినప్పుడు కూడా కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుని నిలబడిన మనిషి. "రేపు పోదాం. నువ్వు హనుమకొండ బస్టాండుకు రా. నేను ఈడికెల్లి వస్త" అని పెట్టేసింది.

మేడంకూ ఒక పేరుండేది. మానుకోటలో మేం అద్దెకున్న వాడకట్టులో ఆ పేరు పెట్టి ఎవరూ పిలవగా వినలేదు. ఆడపిల్లల బడిలో ఏళ్ల తరబడి ఆటలు నేర్పి రిటైరైంది కాబట్టి చిన్నా పెద్దా అందరికీ డ్రిల్లు మేడమే. నేత చీర కట్టి, కింద తెల్ల కాన్వాసు బూట్లు వేసేది. ఎవరింటికొచ్చినా పిలిచేది కాదు, గేటు కొట్టేది కాదు. బయట నిలబడి రెండు చప్పట్లు కొట్టేది. ఆ చప్పుడుకు లోపల ఉన్నవాళ్లం తెలియకుండానే వీపు నిటారు చేసుకునేవాళ్లం. ఏది లెక్కపెట్టినా నాలుగు దాటేది కాదు. టమాటలు ఏరుతూ కూడా ఒకటి, రెండు, మూడు, నాలుగు, మళ్లీ ఒకటి. కూరగాయలమ్మే అవ్వ నెత్తి పట్టుకునేది. ఆటో ఎక్కితే డ్రైవరు వీపు మీద వేలితో పొడిచి, "జర ఈపు నిలవెట్టి కూసో బిడ్డా. ఇప్పుడే గిట్ల వంగితే ముసలైనంక నీ కాళ్లే నీకు కనవడ్తయి" అనేది. ఆయన నవ్వేదాకా ఊరుకునేది కాదు.

మనుషుల ముఖాలు ఆమెకు గుర్తుండవు. నడక గుర్తుంటుంది. వెనక నుంచి చూసి ఫలానా వాళ్ల కోడలని చెప్పేది. ఎదురుగా వచ్చి నమస్తే పెడితే మాత్రం, ఎవరో తెలియక, నవ్వుతూ చూసేది.

నన్ను కూడా మొదట నడకతోనే పట్టుకుంది. నాకప్పుడు అయిదో నెల. రైల్వే స్టేషను దగ్గర పాదచారుల వంతెన మెట్లు ఎక్కుతున్నాను. చున్నీ విప్పి పొట్ట మీదుగా వెడల్పుగా కప్పుకుని, దాని మీద కూరగాయల సంచి అడ్డం పెట్టుకున్నాను. కడుపుతో ఉన్నానని ఎవరైనా చూస్తే, దాని వెనకున్నదంతా ఊహిస్తారని నాకు అప్పట్లో బెదురు. మా ఆయన ఆఫీసువాళ్లు ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోయేదాన్ని. ఇంట్లో ఆయన ముందు తప్ప నిటారుగా నిలబడిందే లేదు.

వెనక నుంచి గట్టిగా ఒక గొంతు వినిపించింది. "ఏం బిడ్డా, కడుపెందుకు దాస్తున్నవ్? దొంగతనం చేసి తెచ్చినవా?"

మెట్ల మీద నలుగురు తిరిగి చూశారు. నా చెవులు కాలిపోయాయి. గబగబా ఎక్కిపోదామనుకున్నాను గాని ఆమె అప్పటికే నా చేతిలోంచి సంచి లాక్కుంది. ఒక చేత్తో నా నడుము మీద చిన్నగా తట్టి, "భుజాలు ఎనుకకు. గిట్ల. ఊపిరి తీసుకో. డాక్టరమ్మ ఏమన్నది, నడువొచ్చన్నదా? బీపీ గిట్ల లేదు కద?" అని అడిగింది. అన్నిటికీ తల ఊపాను. మా ఎదురు డాబా ఆమెదేనని ఆ రోజే తెలిసింది. "పొద్దున రా. పైకి" అని సంచి ఇచ్చి వెళ్లిపోయింది.

డాబా మీద అప్పటికే ఇద్దరు ముగ్గురు కడుపుతో ఉన్నవాళ్లు వచ్చేవారు. డాక్టరు సరేనన్నాకే రానిచ్చేది. రక్తం కనబడిందని ఒకామె చెప్తే ఆ క్షణమే చేయి పట్టి కిందికి దింపి, దవాఖానకు పంపింది. మాకు చెప్పేవి పెద్ద విద్యలేమీ కావు. చుట్టూ నడవడం. పిట్టగోడ పట్టుకుని మోకాళ్లు వెడల్పు చేసి కింద కూర్చుని లేవడం. బొంత మీద మోకాళ్లూ చేతులూ ఆనించి వీపును పైకీ కిందికీ వంచడం. నడుము గుండ్రంగా తిప్పడం. ఆయాసం వస్తే ఆపేసి నీళ్లు తాగడం. చివరికి ఒక పని, అదే నాకు అన్నిటికంటే కష్టం. నోరు బాగా తెరిచి, దవడ వదిలేసి, కడుపులోంచి "హా..." అని గొంతెత్తి ఊపిరి వదలాలి.

పక్కనే మూడంతస్తుల ఇల్లు కడుతున్నారు. మేస్త్రీలు చూస్తారని మేడం రెండు పాత చీరలు అడ్డం కట్టింది. అయినా గాలికి చీర లేచినప్పుడల్లా నేను కాళ్లు దగ్గరికి లాక్కునేదాన్ని. మిగతావాళ్లు "హా" అంటుంటే నేను నోరు కదిపి ఊరుకునేదాన్ని. ఆటో డ్రైవరు భార్య ఒకామె ఉండేది, ఆమె గొంతుకు పావురాలు లేచిపోయేవి. నాకు ఆమెను చూస్తే అసూయ.

"నోరు కట్టేసుకుంటే నడుము కూడ కట్టుకపోతది బిడ్డా," అనేది మేడం. "నొప్పులప్పుడు పండ్లు బిగవట్టి పండుకుంటవు. బిడ్డ ఎట్ల దిగాలె?"

నెల పోయాక ఒక పొద్దున, ఎందుకో ఏమో, నా గొంతు వచ్చింది. వచ్చింది వచ్చింది, వాడకట్టంతా వినబడేట్టు వచ్చింది. మేడం నాలుగు దాకా చప్పట్లు కొట్టింది. నవ్వుతూ కిందికి దిగేసరికి మా గేటు ముందు మా అత్తమ్మ నిలబడి ఉంది. చేతిలో పచ్చళ్ల సంచి. నన్ను చూసుకోవడానికని బయ్యారం నుంచి తెల్లారకముందే బయల్దేరి వచ్చిందట.

"ఎవలే ఒర్రింది?"

నేను చున్నీ సర్దుకున్నాను.

"నువ్వేనా? బజార్ల నిలవడి విన్న. నలుగురు మొగోళ్లు చాయ్ తాగుకుంట నవ్వవట్టిరి. పెద్దింటి కోడలివి, గిదేం ఇజ్జత్ తక్కువ పని?"

మా అత్తగారివాళ్లకు బయ్యారం దగ్గర భూములున్నాయి. ఊళ్లో మామయ్య మాట చెల్లేది. అత్తమ్మ పెళ్లిళ్లకు వెళ్లేది కాదు. ఒకవేళ వెళ్లినా తలుపు దగ్గర కుర్చీ చివర కూర్చుని, అక్షింతలు వేసి, భోజనానికి ఆగకుండా లేచిపోయేది. పెద్దింటి గర్వమని చుట్టాలందరూ అనుకునేవాళ్లు. నేనూ అనుకున్నాను. ఆమె ఒద్దంది కాబట్టి మరునాటి నుంచి డాబా మానేశాను. నిజం చెప్పాలంటే, చాయ్ హోటలు ముందు మగవాళ్లు నవ్వారన్న మాట విన్నాక, ఆమె ఒద్దనకపోయినా వెళ్లలేకపోయేదాన్ని. గది తలుపేసుకుని, మంచం పట్టుకుని, చప్పుడు రాకుండా కూర్చుని లేచేదాన్ని.

మూడో రోజో నాలుగో రోజో గేటు దగ్గర రెండు చప్పట్లు వినిపించాయి.

అత్తమ్మ కుర్చీ వేసింది, చాయ్ ఇచ్చింది. తాను మాత్రం కూర్చోలేదు. "మేము కనలేదా మేడం? ముగ్గురిని కన్న. ఏ ఎగురుడు ఎగిరిన? ఏ ఒర్రుడు ఒర్రిన? గోడలకు కూడ ఇనవడలే నా నొప్పి" అంది. ఆ గొంతులో గొప్ప ఉంది.

మేడం చాయ్ ఊదుకుంటోంది. ఇంతలో పోపు ఘాటుకో ఏమో అత్తమ్మకు దగ్గు వచ్చింది. దగ్గబోయే ముందు చటుక్కున కాలు మీద కాలు మెలేసి, గోడ పట్టుకుని, ముఖం అటు తిప్పుకుని దగ్గింది. నేను అంతకుముందు ఎన్నోసార్లు చూసిన భంగిమే అది. మేడం కప్పు కింద పెట్టింది.

తర్వాత ఆమె మాట్లాడింది చాలా మెల్లగా. ఆ గొంతు అంత తగ్గగలదని నాకు తెలియదు.

"చెల్లె, నేను కబడ్డీ ఆడినదాన్ని. నా బిడ్డ కడుపుల పడ్డప్పుడు మా అమ్మ నన్ను కాలు కింద వెట్టనియ్యలే. కన్నంక ఎట్ల ఉండాలె, ఏం చెయ్యాలె, ఎవ్వలూ చెప్పలే. సెలవు అయిపోయినంక రఘునాథపల్లి బడికి పోయిన. గ్రౌండ్ల పిల్లలను లైన్ల నిలవెట్టి తాడాట చూపిస్తున్న. ఎగిరిన. రెండోసారి ఎగిరెటాల్లకు..." ఆగింది. "ఒంటేలు ఆగలే, చీరంత తడిసింది. బడి మొత్తం చూసింది. ఒక పిల్ల నవ్వింది, ఇగ అందరు నవ్విండ్రు. నేను నేల మీద కూలవడ్డ. బడి ఇడిసిపెట్టి అందరు పోయెదాక లెవ్వలే. బదిలీ పెట్టుకుని గీ ఊరికొచ్చిన. డాక్టరుకు చెప్పుకోను మల్ల ఏండ్లు పట్టింది."

తల వంచుకుని చీర అంచు నలుపుతోంది. అంత గట్టి మనిషి, మెడ వంచితే వెనక నుంచి చిన్నపిల్లలా ఉంది.

అత్తమ్మ ముఖంలో రంగు పోయింది. "గిసొంటియి నలుగుట్ల చెప్తరా?" అని ఒక్క మాట అని వంటింట్లోకి వెళ్లిపోయింది. చాలాసేపు బయటికి రాలేదు. అప్పుడు నాకు అర్థమైంది, తలుపు పక్క కుర్చీ ఎందుకో, భోజనానికి ఆగకుండా లేచిపోవడం ఎందుకో. ఇరవై ఏళ్లకు పైగా నవ్వకుండా, గట్టిగా దగ్గకుండా, పొద్దంతా నీళ్లు తాగకుండా మా ఇంట్లో ఒక మనిషి బతికింది. మేమందరం దానికి గర్వమని పేరు పెట్టుకున్నాం. వంటింటి గుమ్మం దగ్గర దాకా వెళ్లి లోపలికి పోలేక వెనక్కి వచ్చాను.

వెళ్తూ వెళ్తూ మేడం గేటు దగ్గర మళ్లీ తన పాత గొంతుతో పూచీ పడుతూ అరిచింది. "కోడలిని పంపు చెల్లె. నార్మల్ కాన్పు అయితది, నాది జిమ్మ!"

మర్నాడు పొద్దున అత్తమ్మ నా చెప్పులు గుమ్మంలో పెట్టి, "పోదాం పా. నేను కావలి కూసుంట" అంది.

డాబా మూలన మా వైపు వీపు పెట్టి, గోడకు ముఖం పెట్టి, కొంగు నిండా కప్పుకుని కూర్చునేది. మేడం ఒక్కసారి కూడా ఆవైపు చూడలేదు. మాతో చెప్తున్నట్టే గట్టిగా చెప్పేది. "ఒంటేలుకు ఆపుకున్నట్టు లోపలికి గుంజుండ్రి. ఊపిరి ఆపకుండ్రి. ఇగ వదులుండ్రి. కూసున్నకాడ కూసోనే చెయ్యొచ్చు, ఎవ్వలకు తెల్వది." అత్తమ్మ భుజాలు కదలవు, కొంగు కదలదు. చేస్తోందో లేదో ఎవరికీ తెలిసేది కాదు. ఒకరోజు గుడికని చెప్పి ఇద్దరూ కలిసి వరంగల్ వెళ్లారు. మందుల పొట్లంతో వచ్చారు. ఏ గుడి అని నేను అడగలేదు.

నాకు నొప్పులు వచ్చిన రోజు, కాన్పు గదిలోకి తోడుగా అత్తమ్మను రానిచ్చారు. ఏ ఆసుపత్రన్నది ఇప్పుడు అనవసరం. నడవమంటే నడిచాను, మంచం పట్టి వంగమంటే వంగాను. నొప్పి ముదిరినప్పుడు డాబా మీద చెప్పినట్టే నోరు తెరిచి గొంతు వదిలాను. పక్క మంచం దగ్గర బట్టలు మారుస్తున్న ఒక ఆయమ్మ తిరిగి చూసింది.

"ఏందే ఒర్రుడు? మొగని పక్కల పండినప్పుడు ఒర్రినవా గిట్లనే?"

గదిలో ఇంకెవరో కిసుక్కుమన్నారు. అంతే. నా నోరు మూసుకుపోయింది. పళ్లు బిగుసుకున్నాయి. మోకాళ్లు ఒకదానికొకటి తగిలాయి. నెలల తరబడి ఎండలో నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాటకు ఎటు పోయిందో. నొప్పి కంటే ఆ మాటే పెద్దదిగా ఉంది. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.

దుప్పటి ఎవరో లాగేశారు. అత్తమ్మ. ఆమె కళ్లు నా మీద లేవు. "ఏమన్నవమ్మా?" అంది ఆయమ్మతో. "నిన్ను మీ అవ్వ ఎట్ల కన్నది? నోరు మూసుకోని కన్నదా? నా కోడలు ఒర్రుతది. పొద్దుమూకేదాక ఒర్రుతది. నువ్వు నీ పని చూస్కో."

నా రెండు దవడలూ చేతులతో పట్టుకుంది. "ఒర్రు బిడ్డా. నేనున్న, ఒర్రు" అంది. తనే నోరు తెరిచి "హా..." అని మొదలుపెట్టింది. ఏది బజారులో వినబడిందని నన్ను తిట్టిందో, అదే అరుపు. నర్సు ఒకామె వచ్చి ఆయమ్మను బయటికి పంపింది.

ఇంత జరిగినా నాకు నార్మల్ కాన్పు కాలేదు. లోపల బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గుతోందని డాక్టరు గబగబా ఆపరేషన్ చేసింది. పాపకు ఊపిరి అందక పై అంతస్తులో పసిపిల్లల గదిలో పెట్టారు. చూడవచ్చిన మా ఆడబిడ్డ మంచం పక్కన పండ్లు పెడుతూ, "గంతగనం ఎగిరితివి. ఆఖరికి కోతే ఆయె కద" అంది. ఆమె నవ్వుతూనే అంది. నేను గోడ వైపు తిరిగాను. పరీక్ష తప్పినదానిలా ఉంది నాకు. మేడం వస్తుందేమోనని ఒకటే భయం.

వచ్చింది. చప్పట్లు కొట్టలేదు. కాన్వాసు బూట్లు గుమ్మం బయట విడిచి వట్టి కాళ్లతో వచ్చి మంచం పక్కన నిలబడింది. నేను తిరగలేదు. ఆమె అత్తమ్మతో అంది.

"నేను గా మాట అనకపోదును చెల్లె. నాది జిమ్మ అన్న. జిమ్మ తీసుకోను నేనెవలను? గీ పిల్ల ఇప్పుడు తనదే తప్పు అనుకుంట పండుకున్నది."

తిరిగి చూస్తే ఆమె కళ్లు నేలను చూస్తున్నాయి. ఇంట్లో తాడాట సంగతి చెప్పినప్పటి మెడ. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూడలేకపోయాం. నేను ఓడిపోయి ఆమె పరువు తీశానని నాకు. తాను మాటిచ్చి నన్ను ఈ సిగ్గులో పడేశానని ఆమెకు.

"పాప పైనున్నది మేడం" అన్నాను. "పాలు పట్టాలట. లెవ్వస్తలేదు."

ఆమె చీర కొంగు దోపింది. "ఒక్కపారి లెవ్వకు. పక్కకు మల్లు. కుట్ల మీద గీ తలకింది మెత్త అదుముకో. చెయ్యి ఆనిచ్చి లేస్త ఉంటే ఊపిరి వదులు, బిగవట్టకు. కాళ్లు కిందికి. కూసో. ఇగ కండ్లు తిరుగుతలేవు కద?" నర్సును పిలిచి అడిగింది, నడిపించవచ్చా అని. నర్సు ఒక పక్క పట్టుకుంది. లిఫ్టు దాకా, లిఫ్టు నుంచి పసిపిల్లల గది దాకా నడిచాను. మేడం చేతులు వెనక కట్టుకుని నా వెనకే వచ్చింది. ఎందుకు వెనక నడుస్తోందని అత్తమ్మ అడిగితే, "ముందర నడిస్తే నడక కనవడదు" అంది. అద్దం అవతల పాపను చూసి మాత్రం తన నాలుగు లెక్క మరిచిపోయి, ఆ వేళ్లన్నీ మళ్లీ మళ్లీ లెక్కపెట్టింది.

తర్వాత మాకు జనగామకు బదిలీ అయింది. ఆమె డాబా అమ్మేసి భూపాలపల్లిలో బిడ్డ దగ్గరికి వెళ్లింది. అప్పుడప్పుడూ ఫోన్ చేసి పాపను కెమెరా ముందు నడిపించమనేది. ఏడాది కిందటి నుంచి ఎత్తడం మానేసింది. పెద్దతనం, మరిచిపోయి ఉంటుందనుకున్నాను.

హనుమకొండ బస్టాండులో కలుసుకుని నేనూ అత్తమ్మా మధ్యాహ్నానికి భూపాలపల్లి చేరాం. గని క్వార్టర్ల వెనక చిన్న ఇల్లు. మేడం కూతురు తలుపు తీసింది. నాకంటే పెద్దది. తల్లి ఎత్తే, తల్లి భుజాలే, కాని బాగా వంగిపోయి ఉంది. ఎవరమో చెప్పుకునేసరికి ఆమె కళ్లు దించుకుంది.

"చెప్పొద్దన్నది చెల్లె," అంది నాతో. "పక్షవాతం వచ్చి ఏడాది మంచంలనే ఉన్నది. అన్నీ మంచంలనే. నేను బట్టలు మార్చవోతే ముఖం గోడకు తిప్పుకునేది. ఒక్క మాట మాట్లాడకపోయేది. మానుకోటోళ్లకు చెప్తనంటే నా చెయ్యి వట్టుకుని ఏడ్చింది. 'వాళ్లు నన్ను గిట్ల చూడొద్దు' అన్నది. ఫోన్ కూడ తీసి దాచిపెట్టమన్నది."

మెట్ల మీద నలుగురి ముందు నా కడుపు మీది సంచి లాక్కున్న మనిషి. ఆ చివరి ఏడాదంతా ఒక్క గదిలో, ఒక్క గోడను చూస్తూ.

"ఒక్క ఫోన్ చేస్తే నేను రాకపోదునా," అంది అత్తమ్మ. "నేను మార్చకపోదునా. నా కాడ ఆమెకేం సిగ్గు?" ఆ మాట ఎవరికి చెప్తోందో ఆమెకూ తెలిసినట్టు లేదు.

లోపలి గది మూసి ఉంది. మేం రాగానే మూసినట్టుంది. వాసన వస్తుందేమోనని కూతురు ఊదుబత్తులు వెలిగించబోతుంటే అత్తమ్మ అగ్గిపెట్టె పట్టుకున్న ఆ చేతిని ఆపింది.

"ఏడాది నువ్వొక్కదానివే ఎత్తి దించినవా బిడ్డా?"

"ఆయన డ్యూటీకి పోతడు. నేనే."

"నీ నడుము ఎట్లున్నది?"

ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేరు. ఆమె గడప మీద కూలబడి రెండు చేతుల్లో ముఖం పెట్టుకుంది. అత్తమ్మ ఆమె పక్కనే కూర్చుంది. చాలాసేపు వీపు మీద చెయ్యి తీయలేదు.

సాయంత్రం బస్సుకు లేచాను. పాప బడి నుంచి వచ్చేసి ఉంటుంది. అత్తమ్మ లేవలేదు. "నువ్వు పో. నేను నాలుగొద్దులుండి వస్త. ఆ గది కడగాలె. గీ పిల్లను డాక్టరుకు చూపియ్యాలె" అంది. నేను కూడా ఉంటానని అనాల్సిందేమో. ఆ మాట నాకు తట్టేసరికే ఆమె కొంగు నడుముకు చుట్టేసింది.

గేటు దాటి వెనక్కి చూశాను. మూసిన గది తలుపు, కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. నీళ్ల బకెట్ ఎత్తబోతున్న ఆ కూతురి చేతిలోంచి మా అత్తమ్మ బకెట్ తీసుకుంటోంది.